గిరిజనుల నేతలు – సేకర్త ధర్మము



చేతిమగ్గముపై పుట్టిన వస్తువులలో తివాచీకి ఒక విశేషము కలదు. కట్టుబట్ట కొంతకాలమునకు చినుగును. కప్పుకొను దుప్పటి అరిగి పలుచనగును. మంచి ఉన్నితో, మంచి రంగుతో నేసిన తివాచీ మాత్రము రెండు మూడు తరములవారి పాదముల క్రింద పడియుండియు వన్నె తరుగక, పాతబడినకొలది మెరుగుదేరుచుండును. అందులోను, రాజాస్థానముల కార్ఖానాలలో చిత్రకారులు గీసియిచ్చిన నమూనాలను చూచి నేసిన తివాచీలు ఒక జాతి. తుర్క్‌మెన్ మైదానములందలి గుడారములలోను, బలూచీ ఎడారులలోను, దక్షిణ ఇరాన్ పర్వతసానువులందు మందలను తోలుకొని తిరుగు కష్కాయి జనుల బిడారములలోను స్త్రీలు తమ ఇంటి అవసరమునకై నేసికొనిన కంబళ్ళు, జీనుసంచులు, గుడారపు పట్టీలు వేరొక జాతి. ఈ రెండవ జాతికి చెందిన పాత నేతలకొరకు నేడు లండను, న్యూయార్కు నగరముల వేలముశాలలలో ధనవంతులు పోటీపడుచున్నారు. గొర్రెల కాపరి గుడారములో నేలపై పరచిన గుడ్డకు ఇంతటి గౌరవము ఎట్లు కలిగినది? ఆ గౌరవమువలన దానిని నేసినవారికి కలిగిన మేలేమి? బస్తరు అడవులకు వాకిలియైన ఈ రాయపూరు నగరమునుండి ఈ రెండు ప్రశ్నలను విచారించుట నా ప్రసంగమునకు ఉద్దేశము.

సేకర్తలను ఆకర్షించు గుణములలో మొదటిది ఆ నేతలోని స్వేచ్ఛ. సంచారజీవులైన స్త్రీల మగ్గము నేలపై మేకులకు బిగించునట్టిది. మందకు మేత తరిగి బిడారము కదలవలసివచ్చినప్పుడు, సగము నేసిన తివాచీతోసహా ఆ మగ్గమును చుట్టి, పశువులపై వేసికొనిపోయి, వేరొక చోట మరల బిగింతురు. అందువలన పడుగు బిగువు మారును. అంచు ఒకచోట లోనికి, ఒకచోట వెలికి పోవును. ఒక కాగులో అద్దిన ఉన్ని అయిపోయి మరియొక కాగులోని ఉన్నిని అందుకొనునప్పటికి ఎరుపు చాయ కొంత మారి, తివాచీకి అడ్డముగా సన్నని వర్ణభేదము కానవచ్చును. దీనినే తివాచీ వర్తకులు అబ్రష్ అందురు. నమూనా కాగితముపై నుండదు. తల్లి వ్రేళ్ళను చూచి బిడ్డ నేర్చిన జ్ఞాపకములో నుండును. యంత్రమును కొలబద్దగా పెట్టుకొనినవారికి లోపములుగా తోచు ఇవన్నియు, ఒకానొక స్త్రీ ఒకానొక కాలమున కూర్చుండి ఈ పని చేసెననుటకు సేకర్త దృష్టిలో ప్రత్యక్షసాక్ష్యములు.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. 1949లో సెర్గీ రుదెంకో అను రష్యను పురాతత్వవేత్త ఆల్తాయి పర్వతములందలి పజిరిక్ లోయలో ఒక సమాధిని త్రవ్వుచుండగా, మంచులో గడ్డకట్టి చెడక నిలిచిన ఒక తివాచీ బయటపడినది. దాని వయస్సు సుమారు 2,400 సంవత్సరములు. చదరపు సెంటీమీటరునకు సుమారు 36 ముడులు గల ఆ తివాచీపై జింకల వరుసయు, రౌతుల వరుసయు నేటికిని స్పష్టముగా కనబడుచున్నవి. అంతటి నైపుణ్యము ఒక్కనాడు పుట్టునది కాదు. దానికి పూర్వము ఎన్ని తరముల సాధన నేలలో కలిసిపోయినదో ఊహించుకొనవలసినదే.

రెండవ ఆకర్షణ రంగు. 1856లో విలియం పెర్కిన్ అను ఆంగ్ల యువకుడు తారునుండి ఊదారంగును పుట్టించెను. 1868లో జర్మనుదేశమున ఎర్రరంగునకు మూలమైన అలిజరిన్ అను పదార్థమును రసాయనశాలలో తయారుచేసిరి. అప్పటినుండి చవుక రంగులు ఆసియాఖండపు పల్లెపల్లెకును ప్రాకినవి. ఆదిలో వచ్చిన రసాయన రంగులు వెలుగు తగిలిన వెలసిపోవునవి, నీరు తగిలిన ప్రక్కగడిలోనికి కారునవి. కాన సేకర్తలు తివాచీ యొక్క కాలమును నిర్ణయించునప్పుడు ఆ దశాబ్దములను ఒక గట్టుగా భావింతురు. నూగును వ్రేళ్ళతో విడదీసి మొదట నున్న రంగును, కొనయందలి రంగును పోల్చిచూతురు. వెనుకకు త్రిప్పి ముడులను పరీక్షింతురు. తడి తెల్లగుడ్డతో ఒత్తి రంగు అంటునేమో చూతురు.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన ఒక రమ్యమైన విషయము కలదు. పశ్చిమాసియా తివాచీలలోని ఎరుపు మంజిష్ఠజాతి మొక్క వేరునుండి వచ్చినది. మన మచిలీపట్నపు కలంకారీ అద్దకములోని ఎరుపు చిరివేరునుండి వచ్చినది. బస్తరు, కోరాపుట్టు సీమల నేతలలోని ఎరుపు, ఇచ్చటివారు ఆల్ అనియు మనవారు తొగరు అనియు పిలుచు చెట్టు వేరుబెరడునుండి వచ్చినది. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూడింటిని రూబియేసీ అను ఒకే కుటుంబములో చేర్చిరి. ఎడారిలోని కాపరి స్త్రీయు, సముద్రతీరమందలి అద్దకపువాడును, అడవిలోని నేతగాడును ఒకరినొకరు ఎన్నడును చూడకయే, ఒకే వృక్షకుటుంబము యొక్క వేళ్ళలో ఎరుపు దాగియున్నదని కనుగొనిరి.

ఇక బస్తరు విషయము. రాయపూరులోను, జగదల్‌పూరులోను నివసించు తెలుగువారికి ఆ సీమ పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దండకారణ్యము ప్రవేశించి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. ఆధునిక కాలమున 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలుమార్గము ఉత్తరాంధ్రమును ఈ నగరముతో ముడివేసినది. బస్తరు దక్షిణపు అంచున తెలుగు నేటికిని సంతలలో వినబడుచుండును. అట్టి సీమలో తివాచీకి బదులుగా పుట్టినది ముతకనూలు వస్త్రము. చలికి కప్పుకొనుటకు, ఎండకు తలపై వేసికొనుటకు, పండుగకు కట్టుకొనుటకు తగిన వస్త్రము. దీనిని బస్తరులో పనికాలు, సరిహద్దున కవతల ఒడిశాలోని కోట్‌పాడ్‌లో మిర్గానులు నేయుదురు. కట్టుకొనువారు మురియా, మారియా, ధుర్వా, భత్రా మున్నగు ఆదివాసులు.

ఆ వస్త్రము తయారగు విధానము ఓర్పునకు పరీక్షవంటిది. ముందుగా నూలును పేడనీటిలో నానబెట్టి ఉతుకుదురు. పిమ్మట ఆముదమును, బూడిద తేటను పట్టించి ఆరవేయుదురు. మరల పట్టింతురు, మరల ఆరవేయుదురు. ఇట్లు దినములు, వారములు గడచిన పిదప, దంచిన తొగరు వేరుబెరడుతో కలిపి కాగబెట్టినయెడల నూలు ఎర్రమట్టి వన్నెనుండి చిక్కని రక్తవర్ణము వరకు గల చాయలను గ్రహించును. అన్నభేది చేర్చినచో ఆ ఎరుపే కాఫీగింజ చాయకును, నలుపునకును తిరుగును. ఈ అద్దకపు పని స్త్రీలది, నేత పురుషులది. గుంటమగ్గముపై మూడు నాడెలతో, అంచు పేకను నడిమి పేకతో పెనవేయుచు, రంగు చెదరని నిండు అంచును నేయుదురు. ఇది మన గద్వాల నేతలోని కుప్పడమునకు సోదరమైన విద్య. దానిపై పడుగు పోగులను వ్రేళ్ళతో లెక్కించుచు అదనపు పేకతో పీతను, చేపను, గొడ్డలిని, గొడుగును, విల్లును, గుడిని తీర్చుదురు. వాగులో దొరకు పీతయు, నడుమున దోపుకొను గొడ్డలియు అలంకారములైనవనగా, కట్టుకొనువారి దినచర్యయే వస్త్రముపైకి ఎక్కినదన్నమాట. రంగు చర్మమునకు చల్లన. ఉతికినకొలది నిగ్గుదేరునే గాని వెలసిపోదు.

తుర్క్‌మెన్ తివాచీకిని బస్తరు వస్త్రమునకును గల ఒక ముఖ్యభేదమును శ్రోతలు గమనింపవలెను. నా అభిప్రాయమున, ఈ విషయమంతటికిని కీలకమక్కడనే యున్నది. తుర్క్‌మెన్ స్త్రీ తనకొరకు తానే నేసికొనును. బస్తరులోనో, నేయువాడు ఒకడు, కట్టువాడు వేరొకడు. ఆదివాసి గృహస్థుడు తన బిడ్డ పెండ్లికో, పండుగకో నేతగాని యింటికి వచ్చి, ఇన్ని మూరలు కావలెను, అంచు ఇంత వెడల్పు ఉండవలెనని చెప్పుకొనును. ఎనిమిది మూరల చీర మోకాలిపైన నిలుచును, పదునారు మూరల చీర పాదములవరకు దిగును; ఏ తెగవారు ఏ కొలతను కోరుదురో, ఏ గ్రామమువారికి ఏ గుర్తు ప్రీతియో నేతగానికి తెలియును. నేతగాని పనితనమెట్టిదో కొనువానికి తెలియును. వస్త్రము నాసిగా నున్నచో మరుసటి సంతలో ఎదురుపడి అడుగును. అనగా ఇచ్చట కళ విక్రయమునకై పుట్టినదే. ధనము చేతులు మారినంతమాత్రమున కళ చెడదు. కొనువాడు నేతగానికి ఎరుకలేనివాడగునప్పుడు చెడును.

ఈ మాటకు మన తెలుగుదేశపు చరిత్రయే నిదర్శనము. మచిలీపట్నము, ఏలూరు, ఓరుగల్లు తివాచీలు ఒకనాడు జగద్విఖ్యాతములు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనములో ఓరుగల్లు తివాచీలు ప్రదర్శింపబడినవి. అటుతర్వాత ముప్పది ఏండ్లైనను నిండకముందే, 1880లో భారతదేశపు శిల్పములను గూర్చి గ్రంథము వ్రాసిన జార్జి బర్డ్‌వుడ్, మచిలీపట్నపు తివాచీల పతనమునకు విచారించుచు, ఆంగ్ల వర్తకులు చవుకదనమునే కోరి, తమ నమూనాలను నేతగాండ్రపై రుద్దుటయే అందులకు కారణమని ఆరోపించెను. జైళ్ళలో ఖైదీలచేత నేయించిన చవుక తివాచీల పోటీనిగూడ ఆయన నిందించెను. గజమునకు ఇంత ధర యని దూరమునుండి ఆజ్ఞ పంపు వర్తకునికి నేతగాని ముఖము తెలియదు. తాను నేసినది ఎవరి గదిలో పడియుండునో నేతగానికిని తెలియదు. అట్టి వ్యాపారమున ముడి వదులగుట, రంగు చవుకయగుట, కన్ను అలసత్వము చెందుట సహజము. అయినను విద్య పూర్తిగా నశింపలేదు. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలంగాణములో కురుమలు నల్లని దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి, వానకు గొడుగుగా, చలికి దుప్పటిగా, రాత్రికి పరుపుగా వాడుకొను గొంగడియు నేటికిని బ్రదికియున్నది. కాపరి నేతలను ఇరాన్‌లో వెదకు మన సేకర్తలు ముందుగా తమ తాతగారి గొంగడిని చూడవలెనని నా ప్రార్థన.

కట్టువారు మానుకొనినంతనే నేత ఆగిపోవుటకు గదబల వస్త్రము దృష్టాంతము. కోరాపుట్టు కొండలలోను, ఆంధ్రదేశమున అరకు ప్రాంతమునను నివసించు గదబ స్త్రీలు పూర్వము కెరాంగ్ అను మొక్క నారను వడికి, ఎరుపు, నీలము, తెలుపు చారలతో తమ వస్త్రమును తామే చిన్న మగ్గముపై నేసికొనెడివారు. ఈ జాతివారి నారవస్త్రమును గూర్చి 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ తన దక్షిణభారత కులముల గ్రంథములో వర్ణించెను. నారను ఒలుచుట, నానబెట్టుట, వడకుట మిక్కిలి శ్రమతో కూడినవి. సంతలో మిల్లుచీర చవుకగా దొరకగానే ఆ శ్రమను వదలుకొనిన స్త్రీలను మనము తప్పుపట్టరాదు. సుఖమును కోరు హక్కు వారికిని కలదు. ఒక తరములో చేతివాటము మరచిపోయినచో మరుసటి తరమునకు నేర్పువారుండరు. నేడు ఆ చారల వస్త్రమునకై వెదకుకొనుచు సేకర్తలు వచ్చుచున్నారు. వారి ఆదరము ఆ స్త్రీలు నేయుచుండిన కాలముననే అందియున్నచో, ఆ మగ్గములలో కొన్నియైనను నిలిచియుండెడివి.

దీనికి భిన్నమైన కథ ఈ ఛత్తీస్‌గఢ్‌లోనే, ఉత్తరమున సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్ పీఠభూమిపై నడచినది. 1960 దశాబ్దపు తొలి సంవత్సరములలో టిబెట్టునుండి వచ్చిన శరణార్థులకు భారతప్రభుత్వము అచ్చట నివాసములు కల్పించినది. వారు తమ దేశమునుండి తెచ్చుకొనగలిగిన ధనములలో తివాచీ నేత ఒకటి. టిబెట్టు పద్ధతి విచిత్రమైనది: పడుగుపోగుల కెదురుగా ఒక కడ్డీని పట్టి, నూలును ఆ కడ్డీ చుట్టును, పోగుల చుట్టును త్రిప్పుచు ఒక వరుస పూర్తియైన పిమ్మట, కడ్డీ వెంబడి కత్తితో కోసినయెడల నూగు నిలుచును. శీతలదేశములో పరుపుగా పరచుకొనిన ఆ తివాచీ ఈ ఉష్ణదేశములో వారికి జీవనోపాధియైనది. చుట్టుపట్ల గ్రామముల స్త్రీలకును ఆ పని అబ్బినది. కట్టువాడును, పరచుకొనువాడును మారినను, క్రొత్త కొనుగోలుదారుడు నేతగాని యింటిముంగిటికి వచ్చి, వేచియుండి, అడిగి తీసికొనిపోవువాడైనచో విద్య వలసపోయియు వేరూనగలదని మైన్‌పాట్ మనకు చెప్పుచున్నది.

కోట్‌పాడ్‌లోను ఇట్టి పునరుజ్జీవనమే కలిగినది. మిల్లునూలును, రసాయన రంగులును ముంచెత్తిన కాలమునందును కొన్ని కుటుంబములవారు తొగరు వేరును విడువక పట్టుకొనియుండిరి. 2005లో కోట్‌పాడ్ చేనేతకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2018లో అచ్చటి నేతగాడు గోవర్ధన్ పనికాకు పద్మశ్రీ పురస్కారము లభించినది. తొగరు చెట్టు వేరు త్రవ్విననే గాని రంగు రాదు. కాన చెట్లను నాటి పెంచనిదే ఈ అద్దకము నిలువదు. ఒక వస్త్రమును కాపాడుట యనగా ఒక అడవిని కాపాడుట యనియే అర్థము.

సేకర్తలను నేను నిందించువాడను కాను. ప్రపంచమున నేడు చూడదగిన పాత నేతలలో అధికభాగము ఎవరో ఒక వ్యక్తి మమకారముతో దాచియుంచుటచేతనే నిలిచినది. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు జీవితమంతయు సేకరించిన కళాఖండములు 1976లో ఒక సంగ్రహాలయమై ప్రజలకు దక్కినవి. ఈ రాయపూరులోనే 1875లో రాజనాందగాం పాలకుడు మహంత్ ఘాసీదాసు నెలకొల్పిన సంగ్రహాలయము నేటికిని ఆయన పేరుతో నిలిచి, ఆదివాసుల జీవనసామగ్రిని చూపుచున్నది. ఏకాంతమున దాచిన వస్తువు ఒక్కరికి ఆనందము. పదిమంది ముందుంచిన వస్తువు ఒక జాతికి జ్ఞానము.

కాన, ఇట్టి వస్త్రములయందు అభిరుచి గల శ్రోతలకు నా మనవి. పాత వస్త్రమును కొనునప్పుడు నాలుగు సంగతులు అడిగి వ్రాసికొనుడు: ఎవరు నేసిరి, ఏ ఊర నేసిరి, ఎవరికొరకు నేసిరి, రంగు దేనితో అద్దిరి. ఆ కాగితమును వస్త్రముతోడనే ఉంచుడు. ఆ వివరములు లేని పాత గుడ్డ, ఎంత సుందరమైనదైనను, తన వారినిగూర్చి మనకు నేర్పగలిగినది స్వల్పము. క్రొత్త తివాచీలను క్షారములతో కడిగి, తేనీటి రంగు పట్టించి పాతవిగా అమ్మువారు గలరు. పాతదనమును చూచి మోసపోక, నేతను చూచి ఎన్నుకొనుడు. నూరేండ్లు నిండిన కళాఖండములను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదని 1972 నాటి పురావస్తువుల చట్టము శాసించుచున్నదని మరువకుడు. అవసరములో నున్న కుటుంబము తన పెట్టెలోని పెండ్లివస్త్రమును తెచ్చినప్పుడు, వారి అవసరమునుబట్టి గాక వస్త్రపు యోగ్యతనుబట్టి వెల కట్టుడు. ఇంటికి తెచ్చిన పిదప మడతపెట్టక చుట్టి, తెల్లని నూలుగుడ్డలో నుంచుడు, ఎండ తగులనీయకుడు, ఉన్ని వస్త్రమునకు చిమ్మటలు పట్టకుండ అప్పుడప్పుడు విప్పి గాలికి పరచుడు.

అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి కలదు. ఒక పాత వస్త్రమును కొనినవారు, అదే విద్య నెరిగి నేడు నేయుచున్నవారినుండి ఒక క్రొత్త వస్త్రమునుగూడ కొనుటను నియమముగా పెట్టుకొనవలెను. కొనుటయేగాక, వీలైనచో బస్తరులోని తోకాపాలు, ఒడిశాలోని కోట్‌పాడ్ వంటి చోట్లకు వెళ్ళి, నేతగానితో కూర్చుండి, కావలసినది చెప్పి, అతడు కోరిన గడువు ఇచ్చి నేయించుకొనవలెను. తొగరు రంగు తొందరపాటునకు లొంగదు. వేచియుండలేనివారు రసాయన రంగునే పొందుదురు. అట్లు వేచి, ఎరిగి, పేరుపెట్టి పిలిచి కొనువాడు ఆనాటి మురియా గృహస్థుని స్థానమును ఆక్రమించినవాడగును. నేతగాని విమర్శకుడును, పోషకుడును తానే యగును. నేటి నేత రేపటికి పాతదగును. నూరేండ్ల పిమ్మట సేకర్తలు మెచ్చదగిన వస్త్రము నేడు ఏదో ఒక గుంటమగ్గముపై పుట్టవలసియున్నది. అది పుట్టునా లేదా యనుట మన కొనుగోలుపై ఆధారపడియున్నది. పాత నేతలను ప్రేమించువారందరు ఈ బాధ్యతను ప్రీతితో స్వీకరింతురని నమ్ముచున్నాను.